రొట్టెల దుకాణం పెద్దామె

వెయ్యిమంది ఒక్కచోట కూర్చుని ఒక్కరు కూడా దగ్గకపోవడం నేను పుట్టి బుద్ధెరిగాక ఇదే చూడటం. మా వైపైతే కథ మొదలవగానే ముందు దగ్గులు, తర్వాత పిల్లల ఏడుపులు, ఆ తర్వాత బీడీల పొగ, ఇవన్నీ సర్దుకున్నాక గాని దేవుడి పేరైనా ఎత్తలేం. ఇక్కడ జపాను దేశంలో, టోక్యో పట్నంలో, మధ్యాహ్నం రెండు గంటలకు దీపాలు ఆర్పేశారు, వెయ్యిమంది ఊపిరి బిగబట్టుకుని చీకట్లో కూర్చున్నారు, వాళ్ళ నడుమ కురవి దగ్గర పుట్టిన శారద కథల వీరన్నను నేను, నా కుడిపక్క నా భార్య రామికి చెల్లెలు నీలి, ఎడమపక్క మా కథ చెప్పించడానికి మమ్మల్ని ఇంత దూరం తీసుకొచ్చిన సాంసన్ సారు. రామి చనిపోయి నాలుగు రోజులైంది. ఆ సంగతి పొద్దున సాంసన్ సారు చెప్పాడు. నీలికి ఇంకా తెలియదు.

పొద్దున హోటల్లో టిఫిన్ దగ్గర నేను నీలికి పెద్ద కథ చెప్తున్నాను, ఈ దేశంలో నల్లా తిప్పితే నీళ్ళు మనిషి మొఖం చూసి వేడిగానో చల్లగానో వస్తాయని, కోపిష్టి వాడికి మంచుగడ్డలు వస్తాయని, అది నవ్వుతూ చాయ్ ఒలకబోసుకుంది. సారు కిటికీ దగ్గర నుంచి పిలిచాడు. "వీరన్నా, జర ఇటు రా." ఆయనది మా మానుకోటే, చదువుకుని ఢిల్లీ ఆఫీసులో పెద్ద నౌకరీ చేస్తున్నా మాతో మాట్లాడితే మా మాటే. "మానుకోట నుంచి తంతి వచ్చింది. ఢిల్లీల రెండొద్దులు ఆగి గిక్కడికొచ్చింది. రామక్క పోయిందట, వీరన్నా. మీ పక్కింటి టీక్యా కొట్టిచ్చిండు. మట్టి కూడ చేసిండ్రట." నేను ఆయన చేతిలో కాయితం చూశాను, నాకు అక్షరం రాదు, అయినా చూశాను. "విమానం నాలుగొద్దులకు గని లేదు. రేపు మన పెద్ద ఆట ఉన్నది, పెద్దపెద్దోళ్ళంత వస్తున్నరు. నీలికి ఆట అయినంక చెప్పుదాం. గిప్పుడు చెప్తె మైల అంటది, డక్కీ ముట్టదు. నీ కాళ్ళు మొక్కుత, రేపటిదాక ఆగు." ఆయన చెడ్డవాడు కాదు, ఆయన కళ్ళలోనే ముందు నీళ్ళొచ్చాయి. మా కులంలో చావు మైల వస్తే పదకొండు రోజులు వాయిద్యం ముట్టరాదు, అది నిజం. నేను సరే అన్నాను. అని, తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుని, నల్లా కథ ఎక్కడ ఆపానో అక్కడ మళ్ళీ అందుకున్నాను. అదెట్లా చేశానో నాకే తెలియదు, నోరు అలవాటుపడ్డ ఎద్దు లాంటిది, బండిలో మనిషి లేకపోయినా ఇంటికి నడుస్తుంది.

తెర లేచింది. వెలుతురు పాలు ఒలికినట్టు వేదికంతా పారింది. ఇది అమెరికావాళ్ళ కథట, అక్కడ న్యూయార్కు పట్నంలో ఆటలు ఆడే బజారు ఒకటుందట, బ్రాడ్వే అంటారట, ఆ బజారులో పుట్టిన ఆటను జపానువాళ్ళు తమ భాషలోకి తిప్పుకుని పాడుతున్నారు. చిన్న కళ్ళ మనుషులు పచ్చిగడ్డి ఎండినట్టున్న పసుపు జుట్టు పెట్టుకుని వచ్చారు. ఒక రొట్టెల దుకాణం. నిజంగా రొట్టెలు కాలుతున్న వాసన వచ్చిందని నేను నీలికి చెప్పాను, రాలేదు. దుకాణంలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు, పెద్దామె నల్ల గౌనులో, మొఖం మీద పిండి, చిన్నది పచ్చ గౌనులో. వాళ్ళిద్దరూ అక్కచెల్లెళ్ళని నాకెవరూ చెప్పలేదు, చిన్నదాని జుట్టు పెద్దామె రెండుసార్లు సర్దింది, అంతే, తెలిసిపోయింది. మాట ఒక్కటి అర్థం కాదు. అయినా పెద్దామె మొదటి పాట ఎత్తుకోగానే నా వేళ్ళు కుర్చీ చేతి మీద లేని శారదను మీటాయి.

"పగటిపూట కథ చెప్తున్నరేంది బావా" అంది నీలి నా చెవిలో. "పగలు చెప్తె మేనమామలు తొవ్వ తప్పుతరంటరు గదా."

"గీ దేశంల మేనమామలు రైళ్ళల్ల తిరుగుతరు. రైలు తొవ్వ తప్పదు" అన్నాను.

"ఊ" అంది.

ఆ ఊ నాకు దెబ్బలా తగిలింది. మా కథల్లో నేను నడుమ నిలబడి శారద మీటుతూ చెప్తాను, అటొకరు ఇటొకరు ఆడవాళ్ళు డక్కీలు వాయిస్తూ వంత పాడతారు. నేను ఒక వరుస చెప్పి ఆగుతాను, వంత ఆ వరుస చివరి మాట అందుకుని పైకెత్తుతుంది, అప్పుడు గాని నేను తర్వాత వరుసకు పోలేను. వంత లేని కథ ఒంటెద్దు బండి. పందొమ్మిదేళ్ళు నా కుడిపక్క వంత రామిదే. ఒకసారైనా ముందు రాలేదు, ఒకసారైనా వెనక రాలేదు, నేను ఊపిరి పీల్చే సందు ఎంతో అంతే సందులో దూరేది. ఎట్లా తెలుస్తుందే నీకు అని అడిగితే, "నువ్వు అబద్ధం చెప్పబోయే ముందు నీ మెడకాయల నరం లేస్తది, గది చూస్త" అనేది. ఇప్పుడు నా మెడ పక్కన నరం లేచే ఉందేమో, చీకటి కాబట్టి నీలికి కనిపించడం లేదు.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ కావాలని పోరగాళ్ళు రైలు పట్టాల మీద కూర్చున్నప్పుడు, నేనెక్కిన ప్యాసింజరు రఘునాథపల్లి దగ్గర ఆగిపోయింది, పొద్దున ఆగిన బండి పొద్దు తిరిగినా కదల్లేదు. పట్నంలో కాల్పులైనాయని ఎవరో అన్నారు, పోలీసులు జనగామ నుంచి వస్తున్నారని ఇంకెవరో అన్నారు, రైలు డబ్బాలో నీళ్ళు అయిపోయాయి, పిల్లలు ఏడుపు, పెద్దలకు భయం. నాకు ఇరవై రెండేళ్ళు, నోరు ఊరుకోదు. లేచి నిలబడి చెప్పాను, రైలు ఆగింది పోరగాళ్ళ వల్ల కాదు, ఇంజను అలిగింది, డోర్నకల్ జంక్షన్లో ఉన్న ఇంజనుకు దీన్నిచ్చి పెళ్ళి చేస్తామని మాటిచ్చి పెద్దలు తప్పారు, అందుకే ఇది అన్నం నీళ్ళు ముట్టడం లేదు, బొగ్గు పెడితే ఉమ్మేస్తోంది అని. జనం నవ్వారు. మూటల మధ్య నుంచి ఒక పిల్ల గొంతు, "మరి ఇంజనుకు మేనమామ ఎవ్వలు?" నేను తడుముకున్నాను. నన్ను ఆ మాట అడిగినవాళ్ళు అంతకు ముందెవరూ లేరు. "కాజీపేట షెడ్డు" అన్నాను. "అయితె షెడ్డుకు కబురు పంపుండ్రి, అలక తీర్చెటోడు మేనమామనే గదా" అంది, అని ఒళ్ళో డక్కీ తీసి ఒక్క దరువు వేసింది. దాని పక్కన ఆరేళ్ళ చెల్లెలు, ముక్కు కారుతూ, అక్క కొంగు నోట్లో పెట్టుకుని. ఆ పిల్ల రామి. ఆ చీమిడిముక్కుది ఇప్పుడు నా పక్కన కూర్చున్న నీలి. తల్లి లేదు వాళ్ళకు, నేను రామిని చేసుకున్నప్పుడు నీలి దాని చంకనెక్కి వచ్చింది, మాకు పిల్లలు నిలవలేదు, నిలిచింది ఇదొక్కతే.

వేదిక మీద ఒక బూరగాడు వచ్చాడు, చేతిలో బూర, నెత్తిన టోపీ, కాళ్ళు నేల మీద ఆనడం లేదు, రబ్బరు మనిషి. ముప్ఫై మంది వాడి వెనక ఒకే కాలు ఒకేసారి ఎత్తి ఒకేసారి దించుతున్నారు, చెప్పుల కింద రేకులున్నట్టున్నాయి, వడగళ్ళు పడ్డట్టు టకటకటక. వాడొక వరుస పాడి చెయ్యి చాపి ఆగాడు. అంతే, నీలి ఆ వరుస చివర అందుకుని "ఊ... ఆహా" అని గొంతెత్తింది. దాని తప్పు కాదు, పాడేవాడు ఆగితే మేం ఊరుకోలేం, అది మా నెత్తురులో ఉంది. ముందు వరుసల వాళ్ళు తిరిగి చూశారు. జపాను పిల్ల మిచికో, మాకు తోడు వచ్చింది, పెదవి మీద వేలు పెట్టి నవ్వింది. నీలి కొంగుతో నోరు మూసుకుంది, భుజాలు కదిలిపోతున్నాయి నవ్వుతో. "ఇది గనుక అక్కకు తెలిస్తె సచ్చేదాక నవ్వుతది బావా" అంది. నేను ఊ అన్నాను. నేను ఊ కొట్టడం చూసి అది వింతగా చూసింది, నేనెప్పుడూ కొట్టను కదా.

చెప్పడానికి ముందు ప్రతి కథా రామి ముందు చెప్పేవాణ్ణి. అది బియ్యంలో రాళ్ళేరుతూ వినేది. ఆ మధ్య సారు ఢిల్లీకి పిలిస్తే విమానం మొదటిసారి హైదరాబాదులో ఎక్కి, తిరిగొచ్చి దిగి ఇంటికి పోయి, మబ్బుల మీద గొర్లు మేస్తుంటే చూశానన్నాను. "మేస్తె మేసినయి గని కాపరి యాడున్నడు?" అంది. కాపరి మధ్యాహ్నం కదా, కల్లు తాగి పండుకున్నాడన్నాను. "అయితె సరే, ఉంచు" అంది. అతకకపోతే "గిది తీసెయ్" అనేది, అంతే, తీసేసేవాణ్ణి. అబద్ధానికి కూడా కూర్చునేందుకు పీట ఉండాలనేది. భూపాలపల్లి వైపు అడవిలో బొగ్గు కోసం బోర్లు వేసే వాళ్ళ కాడ ఒకసారి కథ చెప్పాను, రామి తీసెయ్యమన్న ముక్క ఒకటి మొండిగా చెప్పాను, భూమి లోపల మనుషులు మనల్ని బొగ్గు అడుగుతారని. ఒక్కడు నవ్వలేదు. ముందు వారమే వాళ్ళలో ఒకడు గుంతలో పడి పోయాడట, మాకు తెలియదు. తిరిగొచ్చేటప్పుడు చిట్యాల దాకా రామి నాతో మాట్లాడలేదు. చిట్యాల దగ్గర అంది, "నాకు గూడ తెల్వదు. గని నోట్లె పెట్టుకుంటె చేదు కొట్టింది. నీకు కొట్టదా?" కొట్టదు. నా నాలిక అట్లాంటిది. అందుకే ఆమె.

పొద్దున సారుతో సరే అన్నది కూడా ఒక అబద్ధమే. నా జీవితంలో రామి ముందు పెట్టి చూడకుండా ఒప్పుకున్న మొదటి పెద్ద అబద్ధం. తీసెయ్యాలో ఉంచాలో నాకు తెలియడం లేదు.

దీపాలు వెలిగాయి. సగం ఆట అయిందట. బయట అద్దాల వరండాలో జనం చిన్నచిన్న కప్పుల్లో ఏదో తాగుతున్నారు. నీలి సంచీలోంచి పొద్దున కొన్న కాయితం విసనకర్ర తీసి, విప్పి, మడిచి, మళ్ళీ విప్పి చూస్తోంది, దాని మీద కొంగలు. "అక్కకు గిది మంచిగుంటది. దవాఖానల ఉక్కపోస్తదని ఏడిసింది. విసురుకుంట నీ అబద్ధాలన్ని ఇంటది" అంది. సాంసన్ సారు నా వైపు చూడలేక కిటికీలోంచి కార్లు చూస్తున్నాడు. హైదరాబాదులో రిహార్సలప్పుడు ఒక అధికారి, కోస్తా ఆయన, మా మాట విని నవ్వి, అక్కడ మన పరువు పోతుంది, భాష కొంచెం మార్చండయ్యా అన్నాడు. రామి అప్పటికే దగ్గుతోంది, దగ్గుతూనే అడిగింది, "జపానోళ్ళకు మీ తెలుగు సమజైతదా సారూ?" ఆయన అర్థం కాదన్నాడు. "అయితె మాదే ఉండనియ్యుండ్రి, సమజుగానిదానికి ఏదైతేంది." అంత గట్టిగా నవ్వింది గదిలో ఆమె ఒక్కతే. ఆ వారంలోనే దవాఖానలో చేర్చాం, దాని టికెట్టు ఖాళీ అయింది. పోనన్నాను. మానుకోట స్టేషన్లో మమ్మల్ని రైలెక్కించడానికి దవాఖాన నుంచి టీక్యా సైకిలు మీద కూర్చుని వచ్చింది, దుప్పటి కప్పుకుని. "పో. అక్కడ ఏం జూసినా మొదలు నాకే చెప్పాలె. తొవ్వల ఎవ్వలకన్న చెప్పి చప్పగ జేసినవో, ఇంట్లకు రానియ్య." రైలు కదిలాక కూడా ఏదో అంది, నాకు వినపడలేదు, ఏందే అని అరిచాను, చెయ్యూపింది, పోయిరా అనడమో, ఏం లేదు పో అనడమో. ఇన్ని రోజులు ఆ మాట ఏమై ఉంటుందా అని సరదాగా రకరకాలుగా అనుకుంటూ వచ్చాను, పోయి అడుగుదాం కదా అని.

మళ్ళీ చీకటి. మళ్ళీ తెర. ఇప్పుడు వేదిక మీద ఓడ రేవు, జెండాలు, జనం. పచ్చ గౌను పిల్ల ఒక్కతే దుకాణం ముందు నిలబడి రొట్టెల బుట్ట సర్దుతోంది, బూరగాడు దాని చుట్టూ తిరుగుతున్నాడు. పాట చాలా సంతోషంగా ఉంది. నేను అన్నీ చూసి పెట్టుకుంటున్నానని అప్పుడు తెలిసింది, పొద్దున్నుంచీ, ఆ రబ్బరు కాళ్ళు, రేకుల చెప్పులు, పసుపు జుట్టు, అన్నీ మూట కట్టుకుంటున్నాను. ఎవరికి చెప్పడానికి కడుతున్నావురా వీరన్నా అని లోపల ఎవరో అడుగుతుంటే వినపడనట్టు కడుతూనే ఉన్నాను.

"బావా" అంది నీలి, చెవికి దగ్గరగా. "పెద్దామె ఏది? గప్పటి సంది కనవడ్తలేదు."

నిజమే. నల్ల గౌను ఆమె రెండో సగంలో ఒక్కసారీ రాలేదు.

"ఊరికి పోయింది" అన్నాను.

"ఏ ఊరు?"

"గదే... ఓడెక్కి, అమెరికల ఇంకో ఊరు."

"ఓడెక్కితె చెల్లెకు చెప్పకుంటనే పోయిందా? ఇందాక అంత మంచిగ జుట్టు సదిరింది."

"చెప్పే పోయింది. మనం బయటికి పోయినం గదా, అప్పుడు చెప్పి పోయింది."

"అందరం బయటికి పోతె ఎవ్వలకు చెప్పింది?" నీలి నవ్వుతూనే అడుగుతోంది, నా కథ నడిపిద్దామని, పందొమ్మిదేళ్ళు అక్క పక్కన కూర్చుని నేర్చుకున్నది. "సరే, పోయింది. మరి దుకాణం తాళంచెవి ఎవ్వల చేతిల పెట్టిపోయింది? గా పిల్ల నడుముకైతె లేదు."

కాజీపేట షెడ్డు లాంటిది ఏదో ఒకటి ఎప్పుడూ వచ్చేది, నాలిక కింద ఊట ఉండేది, ఇప్పుడు తవ్వినకొద్దీ ఎండు మట్టి. ఈ అబద్ధానికి పీట లేదు. నోట్లో చేదు కొట్టింది, మొదటిసారి, నాలిక మొదలు దాకా. నాకు తెలిసిపోయింది, రామి ఉంటే దీన్ని తీసెయ్యమంటుందని. రేపు ఈ పిల్ల నవ్వుతూ డక్కీ వాయిస్తుంటే దాని పక్కన నిలబడి నేను కథ చెప్పడమా. మైలలో ముట్టిందని తర్వాత తెలిస్తే తన చేతుల్ని తానే నరుక్కునే పిల్ల ఇది.

"నీలీ" అన్నాను.

"ఊ."

"మీ అక్క లేదే."

"పెద్దామెనా?"

"మన రామి. నాలుగొద్దులాయె. టీక్యా తంతి కొట్టిచ్చిండు. పొద్దుగాల సారు చెప్పిండు."

అప్పుడే వేదిక మీద పెద్దామె వచ్చింది. తెల్ల గౌనులో, నెత్తిన పూలతో, చేతులు చాపుకుని, ఎక్కడి నుంచి వచ్చిందో, ఓడలోంచే వచ్చిందేమో, గొంతెత్తి పాడుతూ వచ్చింది, వెయ్యిమంది ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు, పచ్చ గౌను పిల్ల పరిగెత్తిపోయి ఆమెను కరుచుకుంది. నీలి అటే చూస్తోంది. ఆ వెలుతురు దాని మొఖం మీద పడుతోంది, కళ్ళు పెద్దవి చేసుకుని ఆ ఇద్దర్నీ చూస్తోంది, తెల్ల గౌను ఆమె చిన్నదాని జుట్టు మళ్ళీ సర్దింది, చూస్తోంది. తర్వాత నా వైపు తిరిగింది. నా మెడ పక్కన చూసింది, అక్క చెప్పిన చోట, నరం కోసం వెతికింది, వెలుతురు ఉంది కదా ఇప్పుడు. లేదు. నేను అబద్ధం చెప్పడం లేదు. నీలి లేచి, మనుషుల మోకాళ్ళ మధ్య నుంచి తట్టుకుంటూ, ఎవరి కాలో తొక్కి, బయటికి నడిచింది. నేను వెనకాలే.

"వీరన్నా" అన్నాడు సారు గుసగుసగా.

"రేపు ఆట లేదు సారూ" అన్నాను. ఆయన తల వంచుకున్నాడు, నా చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలాడు.

బయట వరండాలో ఎవరూ లేరు. నీలి అద్దాల తలుపు తోసుకుని వీధి మెట్ల దాకా పోయింది. ఎండ ఇంకా ఉంది, మంచి ఎండ, ఎదురుగా రెడ్ లైట్ పడితే కార్లు వరసగా ఆగాయి. మెట్టు మీద కూలబడి, కాళ్ళు చాపుకుని, కొంగు ఒళ్ళో పరుచుకుంది. లోపల ఆట అయిపోయింది, తలుపులు తెరుచుకున్నాయి, జనం మా రెండు పక్కల నుంచి దిగడం మొదలైంది, నున్నటి బట్టలు, పుస్తకాలు, నవ్వు మొఖాలు. అప్పుడు ఎత్తుకుంది. మా ఆడవాళ్ళు శోకం పెడితే ఊరవతల చేలల్లో ఉన్నవాళ్ళకు వినపడుతుంది.

"ఓ అక్కో, నన్ను చంకనెత్తిన అక్కో, నీ చంక ఒట్టిగ జేసుకొని ఏ తొవ్వ వడితివి అక్కో..."

జనం ఆగిపోయారు. దిగుతున్నవాళ్ళు ఏ మెట్టు మీద వాళ్ళు ఆ మెట్టు మీదే నిలబడ్డారు. ఒక్క ముక్క అర్థం కాదు వాళ్ళకు, అయినా ఒకాయన టోపీ తీశాడు, ఒక ముసలామె రెండు చేతులూ జోడించింది, ఇందాక మమ్మల్ని తిరిగి చూసిన ముందు వరుస వాళ్ళు కూడా ఉన్నారందులో. మిచికో వచ్చి నీలికి కాస్త దూరంలో మెట్టు మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"మానుకోట టేషన్ల మరిగిన చాయ్ తాగమంటివి, నా గిలాస నువ్వు చల్లారవెడితివి అక్కో..."

అని నీలి ఆగింది. ఊపిరి కోసమనుకున్నాను. కాదు, ఊపిరి పీల్చుకుంది, అయినా తర్వాత వరుసకు పోలేదు. నేల చూస్తూ ఆగి ఉంది. కన్నీళ్ళు గదుమ మీద నుంచి జారుతున్నాయి, ఆగే ఉంది. అప్పుడర్థమైంది నాకు, అది వంత కోసం ఆగింది. తెలిసి ఆగలేదు, అలవాటు ఆపింది. ఇన్నేళ్ళూ ఆ సందులో ఎవరు వచ్చారో వాళ్ళ కోసం ఆగింది. నేను మెట్టు మీద దాని కుడిపక్కన కూర్చున్నాను. జీవితంలో వంత పాడినవాణ్ణి కాను, ఎక్కడ అందుకోవాలో తెలియదు, ఎంత పైకెత్తాలో తెలియదు. దాని మెడ వైపు చూశాను, ఏ నరమూ కనపడలేదు.

"అక్కో..." అన్నాను.

ఆలస్యమైంది. నీలి తల ఊపింది, సరే అన్నట్టు, తర్వాత వరుస ఎత్తుకుంది.